తిరుపతిలో కార్యక్రమం కోసం వీధిని ఒక పూట మూయాలంటే: అర్జీ రాయడం నుంచి రోడ్డు తెరిచేదాకా

"అన్నా, మా వీధిలో కార్యక్రమం పెట్టుకున్నాం, రోడ్డు ఒక పూట మూసుకోవాలి, ఎవరిని అడగాలి?" ఏడాదికి పది మందైనా నన్ను ఈ మాట అడుగుతారు. మాది కొర్లగుంట. మా వీధిలో సంక్రాంతి ముగ్గుల పోటీకి, వినాయక చవితికి, ఒకసారి మా వీధి పెద్దాయన సంస్మరణ సభకు అనుమతులు తెచ్చింది నేనే కాబట్టి అడుగుతారు. ఫోన్లో ప్రతిసారీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు ఒక్కసారి మొత్తం రాసేద్దామని కూర్చున్నాను. కాస్త పొడుగ్గానే ఉంటుంది. మీకు కావాల్సిన చోటికి వెళ్లి చదువుకోండి, మ్యాప్ గురించి రాసిన భాగం మాత్రం వదలొద్దు.

మొదటిసారి వెళ్లినప్పుడు మాకు అర్థం కాని సంగతి ఒకటుంది. మా కార్యక్రమం ఎంత మంచిదో, ఎంతమంది పిల్లలు పాల్గొంటారో, ఎవరు ముఖ్య అతిథిగా వస్తున్నారో అర్జీ నిండా రాసుకుని వెళ్లాం. ఆ అధికారి రెండు నిమిషాలు చదివి, "ఇదంతా సరే, ఈ వీధి మూస్తే అటు వెళ్లే బండ్లు ఎటు పోవాలి?" అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి నేను ఏ అర్జీ రాసినా నాలుగు సంగతులు ముందే తేల్చుకుంటాను. బండ్లు ఎటు మళ్లుతాయి, అంబులెన్స్ వస్తే ఎంతసేపట్లో దారి ఇస్తాం, జనం ఎన్ని వైపుల నుంచి బయటికి పోగలరు, ఏదైనా జరిగితే ఎవరికి ఫోన్ చేయాలి. ఈ నాలుగూ కాగితం మీద ఉంటే సగం పని అయినట్టే.

1. రోడ్డు పూర్తిగా మూయాల్సిన అవసరం ఉందా?

చాలా కార్యక్రమాలకు ఉండదు. నిజంగా. 30 అడుగుల వీధిలో ఒక పక్క షామియానా వేసి, రెండో పక్క తాడు కట్టి టూవీలర్లు, ఆటోలు పోయేలా వదిలితే సరిపోయే పనికి కూడా మనవాళ్లు రెండు చివర్లా బల్లలు అడ్డం పెట్టేస్తారు. సగం రోడ్డు చాలు అనుకుంటే సగమే అడగండి. అనుమతి తొందరగా వస్తుంది, వీధిలో వాళ్ల విసుగూ తగ్గుతుంది.

పూర్తిగా మూయక తప్పదనుకుంటే రోజుల లెక్కన కాకుండా గంటల లెక్కన అడగండి. ముగ్గుల పోటీకి రోడ్డు కడిగి గళ్లు గీసే దగ్గర నుంచి బహుమతులు ఇచ్చేదాకా ఎన్ని గంటలు పడుతుందో కూర్చుని లెక్క వేసుకోండి. షామియానా వేయడానికి పట్టే టైము, విప్పడానికి పట్టే టైము కూడా కలపాలి, అందరూ మర్చిపోయేది ఇదే. కార్యక్రమం సాయంత్రం 5 నుంచి 9 దాకా అని రాస్తారు, తీరా చూస్తే మధ్యాహ్నం 2 గంటలకే షామియానా వాళ్లు లారీని వీధికి అడ్డంగా పెట్టి సవుకు కట్టెలు దించుతుంటారు. ఆ మూడు గంటలు మీ అనుమతిలో లేవు. ఎవరైనా 112కి ఫోన్ చేసి చెబితే కార్యక్రమం మొదలు కాకముందే పోలీసులు వచ్చి నిలబడతారు.

ఎంత దూరం మూయాలో కూడా తేల్చుకోండి. "ఫలానా వీధి" అని కాకుండా "ఫలానా మలుపు నుంచి ఫలానా మలుపు దాకా, సుమారు 80 మీటర్లు" అని. అడుగులతో కొలిచినా పర్వాలేదు కానీ కొలవండి.

2. ఆ రోడ్డు ఎవరి కింద ఉందో తెలుసుకోండి

మన ఊళ్లో దీంతోనే ఎక్కువ తిరుగుడు. లోపలి వీధులు చాలావరకు నగరపాలక సంస్థవి. పెద్ద రోడ్లలో కొన్ని ఆర్ అండ్ బీ కింద, బైపాస్‌ల్లాంటివి జాతీయ రహదారుల కింద ఉంటాయి. కొన్ని రోడ్ల బాగోగులు టీటీడీ చూస్తుంది. కొత్త లేఅవుట్లలో రోడ్లు కార్పొరేషన్‌కి అప్పజెప్పారా, ఇంకా తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) పరిధిలోనే ఉన్నాయా అన్నది కూడా చూడాలి. మీ వార్డు సచివాలయానికి వెళ్లి ప్లానింగ్ సెక్రటరీని అడిగితే తేలిపోతుంది, ఇంటి నంబరు, వీధి పేరు చెబితే చాలు. మాకైతే పావుగంటలో చెప్పారు.

సిటీ బస్సో, ఆర్టీసీ బస్సో తిరిగే రోడ్డయితే ఆర్టీసీకి కూడా ముందే చెప్పాలి. గోవిందరాజస్వామి గుడి చుట్టూ మాడ వీధులు, గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు లాంటి చోట్ల అయితే, నా సలహా ఒక్కటే, వేరే చోటు చూసుకోండి. అక్కడ మామూలు రోజుల్లోనే కాలు పెట్టడానికి సందుండదు, యాత్రికులకు మళ్లింపు దారులు తెలియవు, దాంతో ఒక్క వీధి మూస్తే నాలుగు వీధులు బిగుసుకుపోతాయి. రుయా, స్విమ్స్ ఆసుపత్రుల వైపు వెళ్లే దారులు కూడా అంతే, వాటి జోలికి పోకపోవడమే మంచిది.

3. తేదీ ఖాయం చేసేముందు గుళ్ల క్యాలెండర్ చూడండి

వేరే ఊళ్లలో దీని గురించి ఇంతగా ఆలోచించక్కర్లేదేమో. తిరుపతిలో తప్పదు. చైత్రంలో కోదండరామస్వామి బ్రహ్మోత్సవాలు, వైశాఖంలో గోవిందరాజస్వామి బ్రహ్మోత్సవాలు, మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర, సెప్టెంబరు అక్టోబరుల్లో కొండ మీద బ్రహ్మోత్సవాలు, కార్తీకంలో తిరుచానూరు అమ్మవారి బ్రహ్మోత్సవాలు, శివరాత్రి రోజుల్లో కపిలతీర్థం, ధనుర్మాసంలో వైకుంఠ ఏకాదశి. ఆ రోజుల్లో ట్రాఫిక్ పోలీసులు, బారికేడ్లు, హోంగార్డులు అంతా అటే ఉంటారు. మీ వీధికి ఒక్క కానిస్టేబుల్‌ని కేటాయించమన్నా మనుషులు ఉండరు. పైగా మీరు మూయాలనుకున్న వీధినే వాళ్లు ఊరేగింపుకో, మళ్లింపుకో వాడుతుండొచ్చు.

కాబట్టి రెండు తేదీలు అనుకుని వెళ్లండి. "ఈ తేదీ కుదరకపోతే ఆ తేదీ" అని అర్జీలోనే రాస్తే అధికారికి కూడా సులువు. మీకు మళ్లీ మొదటి నుంచి తిరిగే పని తప్పుతుంది.

4. వీధిలో వాళ్లతో మాట్లాడండి, ప్రతి గడపకీ వెళ్లండి

చట్టంలో ఇలా ఉందని చెప్పడం లేదు, మనిషన్నాక చేయాల్సిన పని కాబట్టి చెబుతున్నాను. దీనివల్ల మీ అర్జీకి బలం కూడా వస్తుంది.

మా వీధిలో మూడో ఇంట్లో ఒకావిడకి వారానికి రెండుసార్లు డయాలసిస్. రెండో ఏడు ముగ్గుల పోటీ రోజే ఆవిడ ఆసుపత్రికి వెళ్లే రోజు. మేం ఇల్లిల్లూ తిరగకపోతే ఆ సంగతి తెలిసేదే కాదు. ఆవిడ కొడుకుతో మాట్లాడి, సాయంత్రం ఆవిడ తిరిగొచ్చే వేళకి ఏ వైపు నుంచి ఆటో లోపలికి రావాలో, బారికేడ్ దగ్గర ఎవరు ఉంటారో, ఎవరి నంబరుకి ఫోన్ చేయాలో చెప్పాం. ఆ ఇంటి ముందు ముగ్గుల గడి వేయకుండా ఆటో తిరిగేంత జాగా వదిలాం. ఆవిడ వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుని బహుమతి ప్రదానం చూసి వెళ్లింది.

పరీక్షలు రాసే పిల్లలు ఉన్నారా, నెలల పసికందు ఉందా, రాత్రి డ్యూటీకి పోయేవాళ్లు కారు ఎక్కడ పెట్టుకోవాలి, ఆ రోజు ఎవరింట్లోనైనా పెళ్లిచూపులో, తద్దినమో ఉందా, అన్నీ అడగండి. దుకాణాల వాళ్లని ముఖ్యంగా అడగాలి, కిరాణా సరుకు దించుకునే వేళ వాళ్లకి ఉంటుంది. ఇడ్లీ బండి, కూరగాయల తోపుడు బండి పెట్టుకునేవాళ్లని చాలామంది లెక్కలోకి తీసుకోరు, అది తప్పు. వాళ్లకి ఆ పూట రాబడి ఆ పూటదే. మీ కార్యక్రమంలోనే ఒక పక్క చోటిస్తే వాళ్లకీ బాగుంటుంది, జనానికీ టిఫిన్ దొరుకుతుంది.

మాట్లాడాక ఒక కాగితం మీద పేరు, ఇంటి నంబరు, సంతకం తీసుకోండి. అందరూ పెట్టకపోయినా ఫర్వాలేదు. ఒకరు వద్దంటే వాళ్ల అభ్యంతరం ఏమిటో కూడా అదే కాగితంలో రాసి, దానికి మీరేం చేస్తారో రాయండి. దాచిపెడితే విచారణకి వచ్చిన ఎస్సై ముందు ఆ మాట బయటపడుతుంది, అప్పుడు మిగతా సంతకాల మీద కూడా నమ్మకం పోతుంది.

5. మ్యాప్ గీయండి

కంప్యూటర్ అక్కర్లేదు. ఒక పెద్ద తెల్ల కాగితం, స్కేలు, మూడు రంగుల స్కెచ్ పెన్నులు చాలు. ఫోన్లో మ్యాప్ తెరిచి వీధి ఆకారం చూసి గీసుకోవచ్చు కానీ ఆ తర్వాత కాగితం పట్టుకుని వీధిలో నడవండి, ఎందుకంటే మ్యాప్‌లో కనిపించనివే మనకు కావాల్సినవి.

మేం గీసినదాంట్లో ఏమున్నాయో చెబుతాను. మూసే భాగం ఎర్ర రంగులో, రెండు చివర్లా బారికేడ్ గుర్తులు. బండ్లు మళ్లే దారి నీలి రంగులో, బాణం గుర్తులతో, ప్రతి మలుపు దగ్గరా ఆ రోడ్డు వెడల్పు ఎంతో అంకె వేసి. ఇది చాలా ముఖ్యం. మేం మొదట అనుకున్న మళ్లింపు సందు మధ్యలో 9 అడుగులకి కుంచించుకుపోతుంది, పైగా ఒక మూల కరెంటు స్తంభం ముందుకు వచ్చి ఉంది. ఆటో పోతుంది, స్కూలు బస్సు ఇరుక్కుంటుంది. నడిచి చూశాకే తెలిసింది, దారి మార్చాం. ఆకుపచ్చ రంగులో అంబులెన్స్ దారి, అంటే స్టేజీ, కుర్చీలు, పొయ్యిలు ఏవీ లేకుండా వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఖాళీగా ఉండే పట్టీ. ఫైరింజన్ కూడా పట్టేంత వెడల్పు వదలాలి. ఎంత వదలాలో ఫైర్ స్టేషన్‌లోనే అడిగితే వాళ్ల బండి కొలత చెబుతారు.

ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడుంది, కరెంటు తీగలు రోడ్డు మీదుగా ఎక్కడ కిందికి వేలాడుతున్నాయి, మ్యాన్‌హోల్ మూతలు ఎక్కడున్నాయి, స్టేజీ ఎక్కడ, జనరేటర్ ఎక్కడ, వంట ఎక్కడ, చెప్పులు ఎక్కడ, తాగునీళ్లు ఎక్కడ, మరుగుదొడ్డి ఎక్కడ, బండ్ల పార్కింగ్ ఎక్కడ అన్నీ వేయండి. జనం బయటికి పోయే దారులు కనీసం రెండు ఉండాలి. 2025 జనవరి 8న మన ఊళ్లోనే, బైరాగిపట్టెడలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ రాత్రి తర్వాత ఈ ఊళ్లో ఎవరు కార్యక్రమం పెట్టినా, అది ఎంత చిన్నదైనా, జనాన్ని ఒక్క గేటు దగ్గర ఆపే ఏర్పాటు చేయకూడదని నా గట్టి మాట. అన్నదానం వరస, బహుమతుల వరస, ప్రసాదం వరస, వేటికవి విడిగా, ఒక వైపు వచ్చి ఇంకో వైపు పోయేలా పెట్టండి.

ఈ మ్యాప్ నాలుగు జిరాక్సులు తీయించండి, రంగులవే. నలుపు తెలుపులో తీస్తే మీరు పడ్డ కష్టం కనిపించదు.

6. అర్జీ

ఒక పేజీ దాటొద్దు. మేం వాడేది ఇలా ఉంటుంది, మీ వివరాలు వేసుకోండి:

*గౌరవనీయులైన సబ్ డివిజనల్ పోలీస్ అధికారి గారికి,*
*విషయం: కొర్లగుంట, ఫలానా వీధిలో ఫలానా మలుపు నుంచి ఫలానా మలుపు వరకు (సుమారు 80 మీటర్లు), ఫలానా తేదీ మధ్యాహ్నం 2 గంటల నుంచి రాత్రి 10.30 వరకు వాహనాల రాకపోకలు నిలిపి ముగ్గుల పోటీ జరుపుకోవడానికి అనుమతి కోరుతూ.*
*అయ్యా, పై కార్యక్రమానికి సుమారు 250 మంది వస్తారని అంచనా. మధ్యాహ్నం 2 నుంచి 4 వరకు ఏర్పాట్లు, 4 నుంచి 9 వరకు కార్యక్రమం, 9 నుంచి 10.30 వరకు విప్పి శుభ్రం చేయడం. మైకు సాయంత్రం 4 నుంచి రాత్రి 9 వరకు మాత్రమే వాడతాం. వాహనాలు మళ్లించే దారి, అంబులెన్స్ దారి జత చేసిన మ్యాప్‌లో చూపించాం. వీధివాసుల సంతకాలు జతచేశాం. బారికేడ్ల వద్ద ఎప్పుడూ మా వలంటీర్లు నలుగురు ఉంటారు. బాధ్యులు ముగ్గురి పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు కింద ఇచ్చాం. ఈ తేదీ వీలు కాకపోతే ఫలానా తేదీకి అనుమతి ఇవ్వగలరు.*
*ప్రతులు: నగరపాలక సంస్థ కమిషనర్ గారికి, ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌కి, అగ్నిమాపక కేంద్రానికి.*

వచ్చే జనం సంఖ్య తగ్గించి రాయొద్దు. 250 అని రాసి 1,000 మంది వస్తే వాళ్లు పంపిన ఇద్దరు కానిస్టేబుళ్లు ఏం చేయగలరు? కాస్త ఎక్కువే రాయండి. బాధ్యుల దగ్గర ఆధార్ జిరాక్సులు పెట్టుకుని వెళ్లండి, అడిగినప్పుడు ఇవ్వచ్చు.

7. ఎక్కడెక్కడ తిరగాలి

నా లెక్కన నెల ముందు మొదలుపెట్టండి. మూడు వారాల ముందు అర్జీలు అందరికీ చేరాలి.

*పోలీసులు.* ముందు మీ వీధి ఏ స్టేషన్ కిందికి వస్తుందో చూసుకోండి. ఈస్ట్, వెస్ట్, అలిపిరి, ఎమ్మార్‌పల్లి, తిరుచానూరు, ఇలా స్టేషన్లు వేరు, పక్క వీధే వేరే స్టేషన్ కిందికి రావొచ్చు. అర్జీ పై అధికారి పేరున రాసినా స్టేషన్‌లో సీఐ గారిని కలిసి ఒక ప్రతి ఇవ్వడం మర్చిపోవద్దు, విచారణ తిరిగి వచ్చేది అక్కడికే. రోడ్ల మీద సభలు, ఊరేగింపులు ఎలా జరగాలో, ఏ దారిన పోవాలో, ఏ వేళల్లో జరగాలో చెప్పే అధికారం పోలీసులకి 1861 నాటి పోలీసు చట్టం సెక్షన్ 30 ఇచ్చింది. పేపర్లో "సెక్షన్ 30 అమల్లో ఉంది" అని చదువుతుంటాం కదా, అదే ఇది. లైసెన్సు, అంటే ఈ అనుమతి, దాని అర్జీకి గానీ, లైసెన్సుకి గానీ ఫీజు తీసుకోకూడదని ఆ సెక్షన్‌లోనే ఉంది. మైకు, కరెంటు, రోడ్డు వాడకం చలానాలు వేరే సంగతి, వాటికి రసీదు అడిగి తీసుకోండి.

*ట్రాఫిక్.* వేరే స్టేషన్, వేరే ప్రతి. మీ మ్యాప్ మీద అసలు చర్చ జరిగేది ఇక్కడ. పట్టుబట్టి కూర్చోవద్దు. ఆ రోడ్ల మీద రోజూ ఎండలో నిలబడేది వాళ్లే, "ఈ మలుపు దగ్గర సాయంత్రం 5కి స్కూలు బస్సులు తిరుగుతాయి" అని వాళ్లు చెబితే అది మనకు మేలు చేసే మాటే.

*కార్పొరేషన్.* రోడ్డు మీద పందిరి, స్టేజీ, ఆర్చి, ఫ్లెక్సీ దేనికైనా వీళ్ల అనుమతి కావాలి. అర్జీని తపాలు సెక్షన్‌లో ఇచ్చి ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. మీ ప్రతి మీద ముద్ర, తేదీ, నంబరు పడేదాకా కౌంటర్ దగ్గర నుంచి కదలొద్దు. ఒక ఏడాది మేం సార్ టేబుల్ మీద పెట్టి వచ్చేశాం, వారం తర్వాత వెళ్తే ఆ కాగితమే కనిపించలేదు, మళ్లీ కొత్తగా ఇచ్చుకున్నాం. ఆ వారం పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. అనుమతి అడిగినప్పుడే చెత్తబండి ఎన్ని గంటలకు పంపుతారు, అదనంగా డబ్బాలు ఇస్తారా అన్నది శానిటేషన్ వాళ్లతో మాట్లాడేసుకోండి.

గుంతల గురించి గట్టిగా చెప్పాలి. పందిరి కట్టెల కోసం రోడ్డు తవ్వకండి. మన లోపలి వీధుల్లో ఇళ్లకి వెళ్లే నీళ్ల పైపులు చాలా పైనే ఉంటాయి. మా పక్క వీధిలో గడ్డపార ఒక్క పోటుకి పైపు పగిలి, పండగ పూట ఆరిళ్లకి నీళ్లు ఆగిపోయాయి, స్టేజీ చుట్టూ బురద. ఇసుక నింపిన డ్రమ్ముల్లో కట్టెలు నిలబెట్టమనండి, షామియానా వాళ్ల దగ్గర ఉంటాయి. కాస్త డబ్బు ఎక్కువ అడుగుతారు, ఇవ్వండి.

*కరెంటు.* స్తంభానికి కొక్కెం తగిలించి లైను లాగే అలవాటు ఉంటే ఈ ఏడాదితో ఆపేయండి. కరెంటు సరఫరా చేసే ఎస్పీడీసీఎల్ హెడ్డాఫీసు మన ఊళ్లోనే ఉంది, తాత్కాలిక కనెక్షన్‌కి సెక్షన్ ఆఫీసులో అడగండి, వివరాలకు 1912కి ఫోన్ చేయొచ్చు. మొత్తం లోడ్ ఎంతో సౌండ్ వాళ్లని, లైటింగ్ వాళ్లని అడిగి రాసుకెళ్లండి. ఊరేగింపు ఉంటే విగ్రహం ఎత్తు, బండి ఎత్తు కలిపి కొలిచి లైన్‌మ్యాన్‌కి దారి చూపించండి. తీగలను కర్రతో ఎత్తిపట్టే పని ఏ పిల్లాడితోనూ చేయించకండి. ఇనుప ఊచ అయినా, పచ్చి కర్ర అయినా ప్రాణం తీస్తుంది.

*అగ్నిమాపక శాఖ.* పందిరి, వంట, జనరేటర్ ఉంటే వెళ్లాల్సిందే. పందిళ్లలో మంటల జాగ్రత్తలకి ఐఎస్ 8758 అనే భారతీయ ప్రమాణం ఉంది. వాళ్లు చెప్పేవి చాలావరకు అందులోవే. పందిరి గుడ్డకి దూరంగా పొయ్యి, వేలాడే తీగలు లేని వైరింగు, చేతికందే చోట నీళ్లు, ఇసుక బకెట్లు, మంటలార్పే సిలిండర్లు. సిలిండర్ వాడటం ఇద్దరికైనా రావాలి, స్టేషన్‌లో అడిగితే చూపిస్తారు.

వినాయక చవితి మండపాలకైతే పోలీసు శాఖ ఆన్‌లైన్‌లో ఏకగవాక్ష విధానం పెట్టింది, ఒకేచోట వివరాలు నింపితే చాలు. అయితే మండపానికి అనుమతి వచ్చిందంటే రోడ్డు మూయడానికి కూడా వచ్చేసిందని అనుకోవద్దు. రోడ్డు మాట విడిగా అడిగి కాగితంలో రాయించుకోండి. నిమజ్జనానికి వినాయక సాగర్ వెళ్లే దారి కూడా ఆ ఏడు పోలీసులు చెప్పిన దారే, పోయినేడు పోయాం కదా అని ఈ ఏడూ పోవద్దు.

8. మైకు సంగతి

రోడ్డు మూసినందుకు వచ్చే గొడవల కంటే మైకు గొడవలే ఎక్కువ. కేంద్రం 2000లో తెచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకర్‌కి రాతపూర్వక అనుమతి కావాలి, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా వాడకూడదు. పండగలకి అర్ధరాత్రి 12 దాకా సడలించే వీలు ప్రభుత్వానికి ఉంది కానీ అది ఏడాదికి 15 రోజులు దాటకూడదు, ఆ రోజులేవో ప్రభుత్వమే చెప్పాలి, మనకి మనం అనుకుంటే కుదరదు. ఇళ్లుండే చోట పగటి పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి 45. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం. డీజే బాక్సులు గుండె అదిరేలా మోగించే కుర్రాళ్లకి ముందే చెప్పండి, ఆ డయాలసిస్ ఆవిడ లాంటివాళ్లు ప్రతి వీధిలో ఒకరుంటారు.

9. విచారణ, మంజూరు, ఒకవేళ కాదంటే

అర్జీ ఇచ్చాక ఎస్సై గానీ కానిస్టేబుల్ గానీ వీధి చూడటానికి వస్తారు. అప్పుడు మ్యాప్ గీసిన మనిషే దగ్గరుండి నడిపించి చూపించాలి. కాగితం చేతికొచ్చాక అక్కడే నిలబడి ప్రతి లైనూ చదవండి. తేదీ, వేళలు, ఎక్కడి నుంచి ఎక్కడికి, షరతులు. మీరు 10.30 దాకా అడిగితే వాళ్లు 10 అని రాసి ఉండొచ్చు, అప్పుడు మీ కార్యక్రమమే అరగంట ముందు ముగించాలి.

కాదంటే గొంతు పెంచకండి, కారణం రాతలో ఇవ్వమని మర్యాదగా అడగండి. చాలాసార్లు కారణం వేళో, స్థలమో అయి ఉంటుంది. సగం రోడ్డుకి మారుస్తాం, ఆదివారానికి మారుస్తాం, దగ్గర్లో బడి గ్రౌండ్‌కి మారుస్తాం అని అప్పటికప్పుడే చెప్పగలగాలి. అర్జీ కదలకుండా ఉండిపోతే సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇన్‌వర్డ్ నంబరుతో సహా ఇవ్వచ్చు. కొంతమంది నన్ను "రోడ్ల మీద సభలు నిషేధించారు కదా" అని అడుగుతుంటారు. కందుకూరు, గుంటూరు తొక్కిసలాటల తర్వాత 2023 జనవరి 2న వచ్చిన జీవో నంబర్ 1 గురించి వాళ్లడిగేది. దాన్ని అదే ఏడాది మేలో హైకోర్టు కొట్టేసింది. అలాగని అనుమతి అక్కర్లేదని కాదు, సెక్షన్ 30 ఉన్నచోటే ఉంది. అనుమతి లేకుండా దారికి అడ్డం పెడితే భారతీయ న్యాయ సంహిత 285 కింద 5,000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు.

10. వారం ముందు నుంచి

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 115 ప్రకారం వాహనాలపై ఆంక్ష నెల లోపే అయితే గెజిట్‌లో వేయక్కర్లేదు, స్థానికంగా వీలైనంత ప్రచారం చేయాలి. ఆ ఉత్తర్వు ఇచ్చేది అధికారులే అయినా మన వంతు మనం చేయాలి. వీధి రెండు చివర్లా, మళ్లింపు మొదలయ్యే మలుపు దగ్గరా తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టండి. మన ఊరికి తమిళనాడు బండ్లు ఎన్ని వస్తాయో తెలుసు కదా, కింద తమిళంలో ఒక లైను, పెద్ద బాణం గుర్తు వేయించండి. వాట్సాప్ గ్రూపుల్లో మ్యాప్ ఫోటో పెట్టండి. స్కూలు బస్సు డ్రైవర్లకి, గ్యాస్ సిలిండర్ అబ్బాయికి, పాలవాళ్లకి నోటితో చెప్పండి.

11. ఆ రోజు

బారికేడ్ దగ్గర నిలబడే మనిషి మీద అంతా ఆధారపడి ఉంటుంది. బాగా చిన్న పిల్లల్ని పెట్టొద్దు. నిదానంగా మాట్లాడే నడివయసు మనుషులు ఉంటే గొడవలే రావు. గంటన్నరకి ఒకసారి మనిషిని మార్చండి, నీళ్లు, టిఫిన్ అక్కడికే పంపండి.

బారికేడ్ ఒక్కరు లాగితే జరగాలి. తాళ్లతో స్తంభానికి బిగించి కట్టడం, రాళ్లు పేర్చడం, లారీ అడ్డం పెట్టడం చేయకండి. మేం సాయంత్రం 4కి ముందే ఒకసారి చేసి చూస్తాం. ఒకడు బైకు మీద వచ్చి హారన్ కొడతాడు, బారికేడ్ దగ్గరవాళ్లు పక్కకి లాగుతారు, లోపలున్న ఇద్దరు ఈల వేసుకుంటూ ఆకుపచ్చ పట్టీ పొడుగునా నడుస్తారు. మొదటిసారి చేసినప్పుడు రెండు నిమిషాలు పైనే పట్టింది, ఎందుకంటే ఎవరో ఆ పట్టీలో చెప్పుల స్టాండు పెట్టారు. అది తీసేశాక అరనిమిషంలో అయిపోయింది. రెండేళ్ల క్రితం నిజంగానే 108 వచ్చింది, మా వీధికి కాదు, వెనక సందుకి. మా వీధి గుండానే పోవాలి. ఈల వినగానే ముగ్గులు వేస్తున్న ఆడవాళ్లు పక్కకి జరిగారు, బండి రెండు ముగ్గుల అంచు తొక్కుకుంటూ వెళ్లిపోయింది. ఆ ముగ్గుల వాళ్లిద్దరికీ ఆ ఏడు ప్రత్యేక బహుమతి ఇచ్చాం.

చీకటి పడ్డాక బారికేడ్ మీద ఎర్ర లైటో, మెరిసే టేపో తప్పనిసరి. ఉత్త తాడు మాత్రం వద్దు, రాత్రిపూట బైకు మీద వచ్చేవాడికి మెడకి తగిలేదాకా అది కనిపించదు. తాడు కట్టక తప్పకపోతే దాని నిండా తెల్ల గుడ్డ ముక్కలు వేలాడదీయండి.

12. తెరవడం

చెప్పిన వేళకి పది నిమిషాల ముందే విప్పడం మొదలైపోవాలి. ముందు కుర్చీలు, తర్వాత స్టేజీ, వైర్లు, ఆఖరున బారికేడ్లు. రోడ్డు మీద మేకులు, తీగ ముక్కలు, గాజు పెంకులు ఏరడానికి ఇద్దర్ని విడిగా పెట్టండి. విస్తళ్లు, గ్లాసులు సంచుల్లో కట్టి ఒకచోట పెడితే తెల్లవారి చెత్తబండి తీసుకుపోతుంది. మళ్లింపు బోర్డులు అదే రాత్రి పీకేయండి, లేకపోతే మర్నాడు కూడా బండ్లు చుట్టూ తిరుగుతూనే ఉంటాయి. ఖాళీ అయిన రోడ్డుని రెండు చివర్ల నుంచీ ఫోటో తీసి, అనుమతి కాగితం, మ్యాప్, రసీదులు, సంతకాల కాగితంతో కలిపి ఒక కవర్లో పెట్టుకోండి. వచ్చే ఏడు మీ అర్జీకి జత చేయడానికి పనికొస్తుంది.

అన్నీ అయ్యాక ట్రాఫిక్ స్టేషన్‌కి ఫోన్ చేసి "రోడ్డు తెరిచాం సార్" అని చెప్పండి. బండ్లు మళ్లించిన మలుపు దగ్గర ఒక కానిస్టేబుల్ ఇంకా నిలబడే ఉంటాడు, మీరు చెబితేనే ఆయన ఇంటికి పోతాడు.